వీసా వేరు, ఒప్పందం వేరు



గల్ఫ్ ప్రయాణం ఖాయమైందని చెప్పడానికి మన ఇళ్ళలో ఒకటే మాట వాడతారు: "వీసా వచ్చింది." "ఒప్పంద పత్రం వచ్చింది" అనేవారు అరుదు. అసలు వీసా అంటే ఏమిటి? పరదేశంలో ప్రవేశించి, గడువు తీరేవరకు ఉండడానికి ఇచ్చే అనుమతి. జీతం ఎంత, పని ఎన్ని గంటలు, సెలవు ఎప్పుడు, తిరుగు టిక్కెట్టు ఎవరు కొనాలి అనే విషయాలు అందులో ఉండవు. అవి ఒప్పంద పత్రంలో ఉంటాయి. ఈ తేడా ఎరుగకనే మనవారు ఎందరో నష్టపోతున్నారు.

చట్టం ఏమంటుంది?

కడప, కోనసీమ ప్రాంతాల నుండి ఎందరో అక్కచెల్లెళ్ళు ఇంటిపనికి కువైట్ వెళ్తున్నారు గదా! వారికోసం ఆ దేశం 2015లో 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. ఏటా 30 రోజులు జీతంతో సెలవు. ఒప్పందం పూర్తయినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున అదనంగా ఇవ్వాలి. కార్మికురాలి అంగీకారం లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోరాదు. 2016లో కనీస జీతం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు.

చిక్కు ఎక్కడ?

ఇంటిపని వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వలేదనో, కొట్టారనో ఇల్లు విడిచి బయటికి వస్తే, పారిపోయిందని యజమాని ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు నివాస అనుమతి రద్దవుతుంది. మనవాళ్ళు 'ఖల్లివల్లి' అనేది ఈ స్థితినే. పట్టుబడతామనే భయంతో రావలసిన జీతం కూడా అడగరు. అందుచేత ఇల్లు విడవవలసి వస్తే తెలిసినవారి గదికి కాదు, నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. 'ఆజాద్ వీసా' మీద వెళ్ళినవారి స్థితి ఇంకా కష్టం. పని ఒకచోట, వీసా మరొకరి పేర. పనిచేయించుకున్న వ్యక్తితో చూపించడానికి కాగితమే ఉండదు.

గడువు తీరినంత మాత్రాన చేసిన పనికి కూలి రద్దవుతుందా? న్యాయం ప్రకారం కాదు. వలస కార్మికుల హక్కులపై 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక 25వ అధికరణం ఈ మాటే చెబుతుంది. అయితే గల్ఫ్ దేశాలు గాని, మన దేశం గాని దానిని ధ్రువీకరించలేదు.

సమ్మతి అంటే

"సంతకం పెట్టింది గదా" అంటారు. ఇక్కడ 120 దినార్లని చెప్పి, అక్కడ దిగాక 70 దినార్ల అరబీ కాగితం ముందు పెడితే, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి వచ్చిన తల్లి ఏం చేస్తుంది? సంతకం పెడుతుంది. ఎరుక లేనిచోట, వద్దనే వీలు లేనిచోట అది నిజమైన సమ్మతి కాదు. అవసరానికి తలవంచి కార్మికుడు తక్కువ కూలికి ఒప్పుకున్నా అన్యాయం అన్యాయమేనని 13వ లియో పాపుగారు 1891లోనే తమ విశ్వలేఖలో బోధించారు.

బయలుదేరే ముందు

1. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు 'ఈసీఆర్' రకం. దానిపై గల్ఫ్‌లో పనికి వెళ్ళడానికి 1983 వలస చట్టం కింద ప్రభుత్వ అనుమతి కావాలి. 30 ఏళ్ళు నిండని స్త్రీలకు ఆ అనుమతి ఇవ్వరు. విజిట్ వీసా మీద పంపిస్తామనేవారు ఈ రక్షణనే తప్పిస్తున్నారు.

2. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో 'ఈ-మైగ్రేట్'లో చూపించుకోండి. ఊళ్ళలో తిరిగే సబ్‌ఏజెంట్లకు లైసెన్సు ఉండదు. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడగండి.

3. ప్రవాసీ భారతీయ బీమా చేయించండి. రెండేళ్ళకు 275 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు వస్తుంది.

4. ఒప్పంద పత్రం, పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఒక జత ఇంట్లో ఉంచండి. ఫోటోలు ఫోన్లో పంపుకోండి. అక్కడ ఫోను లాక్కున్నా ఇక్కడివారు ఫిర్యాదు చేయగలుగుతారు.

ఒప్పందం చదివించుకోవడం ఎవరినీ అనుమానించడం కాదు. చదువు రానివారికి చదివి వినిపించడం చదువుకున్న మన బాధ్యత. మీ వీధిలో ఈ నెల ఎవరైనా ప్రయాణమవుతుంటే, వీడ్కోలు చెప్పడానికి వెళ్ళినప్పుడు ఆ కాగితం ఒకసారి అడిగి చూడండి.