ముందు ఆపు, తరువాత ముట్టు

ఒక ఊళ్లో ఒక అత్తా, కోడలూ ఉన్నారు. వాళ్లకు రెండు గేదెలు ఉన్నాయి. గేదెల పాలతోనే ఇల్లు గడుస్తుంది.

అత్త ముప్పై ఏళ్లు కొడవలితో గడ్డి కోసింది. ఆమె నడుము వంగిపోయింది. కోడలు పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. గడ్డి కోసే మిషన్ కొన్నది. దాన్ని బ్రష్ కట్టర్ అంటారు. పొడుగాటి గొట్టానికి ఒక చివర పెట్రోలు ఇంజను ఉంటుంది. ఇంకో చివర గిరగిర తిరిగే బ్లేడు ఉంటుంది. పట్టీని భుజానికి తగిలించుకుని, నిలబడే గడ్డి కోయవచ్చు.

మిషన్ అమ్మినతను ఒక పూట నేర్పించాడు. మర్నాడు కోడలు మొగుడి పాత ప్యాంటు తొడుక్కుంది. పైన పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. అత్త ముక్కు మీద వేలేసుకుంది.

“ఇదేం వేషమే? చీర కట్టుకుని కొయ్యకూడదా?”

“చీర చెంగు బ్లేడుకు చుట్టుకుంటే మనిషినే లాగేస్తుంది అత్తా!” అంది కోడలు.

తాళి చొక్కా లోపల వేసుకుంది. గాజుల మీదుగా చొక్కా చేతులు దించి గుండీ పెట్టింది. జడను ముడి చుట్టి గుడ్డ కట్టింది. కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు, చెవులకు మూతలు పెట్టుకుంది.

మిషన్ మొదలుపెట్టే ముందు రోజూ గడ్డిలో రాళ్లు, తీగలు, సీసా పెంకులు ఏరేది.

ఒకరోజు పాల కేంద్రానికి వేళ మించిపోతోంది. కోడలు తొందరలో ఉంది. ఆ రోజు రాళ్లు ఏరలేదు. గట్టు మీద గడ్డి కోస్తోంది. కొంచెం దూరంలో పాల క్యాను ఉంది. అయిదేళ్ల కొడుకు నాయనమ్మ చెయ్యి విడిపించుకున్నాడు. “అమ్మా!” అంటూ పరుగెత్తాడు. మిషన్ మోతలో తల్లికి వినపడలేదు.

నాయనమ్మ వాడి వెంట పడింది. క్యాను దగ్గర వాడి చొక్కా దొరికింది. పట్టుకుని వెనక్కు లాగింది. అంతలో ఠంగుమని చప్పుడయింది. బ్లేడు కింద నుంచి ఎగిరిన రాయి క్యానుకు తగిలింది. క్యానుకు సొట్ట పడింది. క్షణం ముందు పిల్లవాడు నిలబడింది అక్కడే!

అత్త గుండె దడదడలాడింది. అయినా ఆమె కోడలి వెనక్కు పోలేదు. వెనక నుంచి భుజం తడితే కోడలు ఉలిక్కిపడి తిరుగుతుంది. చేతిలో మిషన్ కూడా తిరుగుతుంది. అందుకే పిల్లవాడిని చంకనేసుకుని దూరంగా చుట్టూ తిరిగింది. ఎదుటికి వచ్చి చెయ్యి ఎత్తింది.

కోడలు చూసి ఇంజను ఆపింది. ఇంజను ఆగినా బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. అది పూర్తిగా ఆగేదాకా కదలలేదు. తరువాత సొట్ట పడిన క్యాను చూసింది. అక్కడే కూలబడిపోయింది.

“తప్పు నాదే అత్తా! ఒక్క రోజే గదా అనుకున్నాను.”

“కొడవలి నా చెయ్యి ఆగితే ఆగేది. ఇది అట్లా ఆగదు. దీనికి కళ్లు లేవు. మనమే కళ్లు పెట్టుకోవాలి” అంది అత్త.

ఆ రాత్రి ఇద్దరూ కూచుని ఇవి రాసుకున్నారు. గోడకు అంటించారు.

1. చోటు చూసి, రాళ్లు ఏరాకే మిషన్ మొదలుపెట్టాలి.

2. చుట్టూ 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు. అంటే ఇరవై పెద్ద అంగలు. పిల్లలను పొలానికి తేకపోవడమే మేలు.

3. పిలవాలంటే ఎదుటికి వచ్చి, దూరం నుంచే చెయ్యి ఎత్తాలి.

4. బ్లేడుకు గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపాలి. బ్లేడు పూర్తిగా ఆగాలి. ప్లగ్గు మీది టోపీ తీయాలి. అప్పుడే చెయ్యి పెట్టాలి.

5. బ్లేడు పైన ఉండే రేకును తీయకూడదు. అది రాళ్లు మన మీదికి రాకుండా ఆపుతుంది. బీట పడిన బ్లేడును వాడకూడదు. అతికించి వాడకూడదు.

6. చాలా మిషన్లతో కుడి నుంచి ఎడమకు కోయాలి. బ్లేడు కుడివైపు ముందు అంచు రాయికో మొద్దుకో తగిలితే మిషన్ ఒక్కసారిగా తన్నుతుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి. బ్లేడును నడుము కంటే పైకి ఎత్తకూడదు.

7. ఇంజను ఆపి, చల్లారాకే పెట్రోలు పోయాలి. దగ్గర బీడీ, చుట్ట, పొయ్యి ఉండకూడదు. పోసిన చోటు నుంచి దూరం జరిగి మొదలుపెట్టాలి. కొట్టం లోపల ఇంజను నడపకూడదు. దాని పొగ ప్రాణం తీస్తుంది.

8. చేతులు తిమ్మిరెక్కినా, అలసట వచ్చినా ఆపి కూచోవాలి.

దెబ్బ తగిలితే

రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. పసుపు, కాఫీపొడి చల్లకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ధనుర్వాతం సూది గురించి ఆసుపత్రిలో అడగాలి.

వేలు తెగిపోతే దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు ముక్కల మీద పెట్టాలి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. దాన్ని కూడా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపకూడదు. పీకకూడదు. కంటిని నొక్కకుండా ఆసుపత్రికి పోవాలి.

ఆ సొట్ట క్యాను ఇప్పటికీ వాళ్ల ఇంట్లోనే ఉంది. కొత్తది కొందామని కోడలు అంటే అత్త వద్దంది.

“ఉండనీ. తొందరపడిన రోజు దాన్ని చూడు” అంది.

మాట్లాడుకోండి

1. కోడలు ఆ రోజు చేసిన తప్పు ఏమిటి?
2. అత్త వెనక నుంచి ఎందుకు పోలేదు?
3. మీ ఊళ్లో తిరిగే బ్లేడు ఉన్న మిషన్లు ఏవేవి ఉన్నాయి? వాటి దగ్గర ఏ జాగ్రత్తలు పాటించాలి?

రాయండి

ముందు ఆపు. తరువాత ముట్టు.