మన జిల్లాకో డ్రాగన్: రంగు మార్చితే సరిపోదు

డ్రాగన్ అనగానే మనందరికీ కళ్ల ముందు ఒకటే బొమ్మ కదులుతుంది. రెక్కలు, పొలుసులు, నోట్లోంచి నిప్పు, పొట్ట కింద బంగారు కుప్ప. సినిమాలు, సిరీస్‌లు, వీడియో గేమ్‌లు కలిసి మనకు ఇచ్చిన బొమ్మ అది. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆట మొదటిసారి నడిపే ప్రతి ఒక్కరూ "నేనే ఓ కొత్త జాతి డ్రాగన్ కనిపెడతా" అంటారు. తీరా చూస్తే నిప్పు బదులు మంచు, ఎరుపు బదులు ఊదా. అంతే. అది కొత్త జాతి కాదు, పాత డ్రాగన్‌కు కొత్త పెయింట్.

మాది వనపర్తి. మా హాస్టల్ బ్యాచ్ కోసం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు తలా ఒక డ్రాగన్ తయారు చేశాను. ఆ పనిలో తెలిసిన పద్ధతిని ఇక్కడ పాఠంలా రాస్తున్నాను. కాగితం, పెన్సిల్, పాచికలు ఉంటే మీరూ చేయొచ్చు.

ముందు ఆట గురించి రెండు ముక్కలు

ఈ రకం ఆటలకు పెద్దన్న 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. ఏదైనా సాహసం చేయాలంటే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఇందులో ఐదు రంగుల చెడ్డ డ్రాగన్‌లు ఉంటాయి. ఎర్రది నిప్పు, తెల్లది చలి, నీలిది మెరుపు, పచ్చది విషవాయువు, నల్లది ఆసిడ్ ఊదుతాయి.

2014 ఎడిషన్‌లో పెద్ద ఎర్ర డ్రాగన్ ఒకసారి ఊదితే 18 ఆరుముఖాల పాచికలు వేయాలి. ఒక్కో పాచిక సగటు 3.5 కాబట్టి మొత్తం సగటు దెబ్బ 63. ఊదాక మళ్లీ ఊదాలంటే ప్రతి టర్న్ మొదట్లో ఒక పాచిక వేసి 5 గానీ 6 గానీ తెచ్చుకోవాలి. అంటే మూడింట ఒక వంతు అవకాశం, సగటున మూడు టర్న్‌లకు ఒకసారి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, వనపర్తి డ్రాగన్ దగ్గర పనికొస్తుంది.

ఊరు మార్చు పరీక్ష

మీరు చేసిన డ్రాగన్‌ను తీసుకెళ్లి వేరే ఊళ్లో పెట్టి చూడండి. కథ ఏమీ మారకపోతే మీరు చేసింది పెయింట్ పనే. కథ కుప్పకూలిపోతే మాత్రం మీ చేతికి కొత్త జాతి దొరికినట్టు. నా దృష్టిలో డ్రాగన్ అంటే ఒక చోటుకున్న భయానికో, పనికో, జ్ఞాపకానికో ఒళ్లు తొడిగిన రూపం.

ఇది మనకు కొత్త విద్య కాదు. అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు గుళ్ల దగ్గర తలెత్తి చూస్తే మకరం కనిపిస్తుంది. మొసలి నోరు, ఏనుగు తొండం, చేప తోక. ఆ శిల్పి లేని జంతువును గాల్లోంచి తేలేదు, నది ఒడ్డు మనుషులు ఎరిగిన జంతువులనే కొత్తగా కలిపాడు. వేదంలో వృత్రుడు నీళ్లను ఆపి పడుకున్న పాము. మన ఊళ్లలో లంకెబిందెలకు పాము కాపలా ఉంటుందంటారు. బంగారం మీద కూర్చున్న డ్రాగన్ మనకు పరాయిదేం కాదు, దాన్ని మన భాషలో మనం ఇంకా పిలవలేదు, అంతే.

వనపర్తి: అలుగు డ్రాగన్

తెలుగులో 'అలుగు'కు రెండు అర్థాలు. చెరువు నిండితే మిగులు నీళ్లు పోయే చోటు అలుగు. "చెరువు అలుగు దుంకింది" అంటే ఊరంతా పండగే. ఒళ్లంతా పొలుసులుండి, భయమేస్తే ఉండలా చుట్టుకునే జంతువు పేరు కూడా అలుగే. ఇంగ్లీషులో పాంగోలిన్ అంటారు. పొలుసుల జంతువు, పొంగే నీరు, రెండూ ఒకే మాటలో ఉన్నాయి. డ్రాగన్‌కు ఇంతకంటే ఏం కావాలి?

రెండో ముడిసరుకు సరళాసాగర్. కొత్తకోట దగ్గరుంది, 1959లో పూర్తయింది. దీని ప్రత్యేకత ఆటోమేటిక్ సైఫన్‌లు. నీళ్లు ఒక మట్టం దాటగానే సైఫన్‌లోని గాలి బయటికి పోయి, నీళ్లు నిండుగా అందుకుంటాయి. గేటు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. మట్టం దిగి గాలి చొరబడగానే ప్రవాహం దానంతట అదే ఆగిపోతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో బట్టీ పట్టి మర్చిపోయే సూత్రం, మా జిల్లాలో రాతికట్టడంగా నిలబడి ఉంది.

ఆటలో రూల్ ఇలా పెట్టాను. అలుగు డ్రాగన్ చుట్టుకుని ఉన్నప్పుడు ఎంత కొట్టినా ప్రాణం తగ్గదు. ప్రతి 10 పాయింట్ల దెబ్బకు దాని 'మట్టం' ఒకటి పెరుగుతుంది. మట్టం 10కి చేరిన క్షణంలో సైఫన్ అందుకుంటుంది. డ్రాగన్ విప్పుకుని, పాచికతో పని లేకుండా, టర్న్ టర్న్‌కూ నీటిధార వదులుతుంది. ఒక్కో ధారకు మట్టం 3 తగ్గుతుంది: 10, 7, 4, 1. మూడు ధారలయ్యాక గాలి చొరబడి, మళ్లీ చుట్టుకుంటుంది. విప్పుకుని ఉన్నప్పుడు మాత్రమే దానికి దెబ్బ తగులుతుంది.

ఎర్ర డ్రాగన్‌కూ దీనికీ తేడా చూడండి. అక్కడ ఎప్పుడు ఊదుతుందో పాచిక చెప్తుంది. ఇక్కడ ఆటగాళ్లే నిర్ణయిస్తారు. మట్టం 9 దగ్గర ఆపేసి ఆలోచించుకోవచ్చు. మా బ్యాచ్‌లో ఒకడు అడిగాడు, "అరే, పక్కన ఎండిపోయిన చెరువు ఉందన్నవ్ గదా, దీని మూతి అటు తిప్పి నింపితే?" అప్పుడు అది యుద్ధం నుంచి సాగునీటి ప్రాజెక్టు అయిపోయింది. నేను ఒక ప్రశ్న మాత్రం అడిగాను: "కట్ట ఆగుతదా?" ఈ ప్రశ్న ఉత్తినే పుట్టలేదు. 2019 డిసెంబర్ 31న సరళాసాగర్ కట్టకే గండి పడింది. నిండిన చెరువును చూసి మా వైపు మనుషులు సంబరపడతారు, అదే చూపుతో కట్టనూ చూస్తారు. ఆ రెండు భావాలూ ఒకేసారి టేబుల్ మీదికి వచ్చాయి. ఈ డ్రాగన్‌ను చెరువులు లేని చోట పెట్టి చూడండి, కథే ఉండదు.

గద్వాల: మూడు నాడెల డ్రాగన్

గద్వాల అంటే చీర. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. వేరువేరు పోగులను మగ్గం మీదే ఒకదాంట్లో ఒకటి మెలేసి కలుపుతారు. కుప్పడం నేత అంటారు. ఒళ్లుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. అతుకు దగ్గరే నేతగాళ్ల పనితనం తెలుస్తుంది. పైగా ఇది కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నేల, నడిగడ్డ. అటొక నది, ఇటొక నది, నడుమ గడ్డ. చీరకూ నేలకూ అమరిక ఒకటే అనిపించింది.

అందుకే ఈ డ్రాగన్‌కు మూడు భాగాలు: మెరిసే కుడి అంచు, మెరిసే ఎడమ అంచు, నడుమ మసక తెలుపు ఒళ్లు. ఒక్కోదానికి 60 ప్రాణం పాయింట్లు, ఒక్కో రౌండ్‌లో ఒక్కో టర్న్. రూల్ ఒకటే: ఒకే రౌండ్‌లో మూడింటికీ దెబ్బ తగలాలి. ఒక్క భాగం తప్పినా ఆ రౌండ్‌లో పోయిన ప్రాణమంతా తిరిగొస్తుంది, మెలిక మళ్లీ పడుతుంది.

ఫలితం ఏంటంటే, ఎప్పుడూ ముందుకు దూకి ఒక్కడే కొట్టే హీరో ఇక్కడ పనికిరాడు. ముగ్గురు మాట్లాడుకుని, లెక్కగా, ఒకరి తర్వాత ఒకరు చేయాలి. మగ్గం మీద పని కూడా అంతే. ఇంకో జాగ్రత్త: కథలో నేతమ్మను పెడితే క్లూ ఇచ్చి మాయమయ్యే పాత్రగా పెట్టకండి. ఆమెకూ ఒక కోరిక, ఒక బేరం, ఒక అప్పు ఉండాలి.

నాగర్‌కర్నూల్: ముంపు డ్రాగన్

ఇది రాయడానికి అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది. కొల్లాపూర్ దగ్గర సోమశిలకు పోతే కృష్ణ సముద్రంలా కనిపిస్తుంది. ఫొటోలు బాగా వస్తాయి. కానీ అది శ్రీశైలం ప్రాజెక్టు వెనుక నీరు. పూర్తి మట్టం 885 అడుగులు. ఆ నీళ్ల కింద పదుల కొద్దీ ఊళ్లున్నాయి. కొన్ని గుళ్లను రాయి రాయిగా విప్పి పైకి తెచ్చి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురానికి వచ్చింది. సోమశిల అవతలి ఒడ్డున ఉన్న సప్తనదీ సంగమేశ్వరం మాత్రం ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉండి, వేసవిలో మట్టం తగ్గితే బయటపడుతుంది. గుళ్లను మోసుకొచ్చారు. ఇళ్లను, బాయిగడ్డలను, చింతచెట్లను ఎవరూ మోయలేరు కదా.

ముంపు డ్రాగన్ నిప్పు ఊదదు, నీళ్లూ ఊదదు. దాని ఊపిరి తగిలితే ఆటగాడు తన పాత్ర కాగితం మీద ఉన్న ఒక పేరును కొట్టేయాలి. పుట్టిన ఊరు, అమ్మ పేరు, దోస్తు పేరు, ఏదో ఒకటి. అది తిరిగి రావాలంటే టేబుల్ దగ్గర ఇంకెవరైనా ఆ పేరును గుర్తుపెట్టుకుని గట్టిగా పలకాలి. అంతకుముందు ఆ పాత్ర కథ శ్రద్ధగా వినకపోతే ఎవరూ పలకలేరు. ఈ డ్రాగన్ కాపలా కాసేది బంగారానికి కాదు, మునిగిన పేర్లకు. దీన్ని చంపొచ్చు, కానీ చంపితే నీళ్లు దిగవు, పేర్లు మాత్రం పోతాయి.

ఇక్కడ నన్ను పీడించిన ప్రశ్న ఒకటుంది. నిజంగా ఇల్లు పోయినవాళ్ల బాధను సరదా ఆటలో రాక్షసిగా మార్చొచ్చా? మా టేబుల్ దగ్గర ముంపు కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. అందుకే మొదలుపెట్టకముందే అడిగాను. కాసేపు ఆలోచించి ఆమె అన్నది: "ఊరి అసలు పేరు వాడకు. మిగతాది ఆడుదాం. మా నానమ్మ ఎప్పుడూ ఆ ఊరి గల్లీలు వరసగా చెప్తుంటది, వినేటోళ్లే లేరు." ఆ రోజు టేబుల్ మీద అందరికంటే ఎక్కువ పేర్లు గుర్తుంచుకుని పలికింది ఆమే.

ఆ మాటతో నాకు రెండు నియమాలు కుదిరాయి. ఒకటి, నిజమైన నష్టాన్ని తీసుకుంటే ముందు అడగాలి, అసలు పేర్లు వాడకూడదు. రెండు, ఆ నష్టాన్ని ఆటలో 'గెలిచేసే' దారి పెట్టకూడదు.

ముట్టుకోకూడనివి

అన్నిటికీ పాయింట్లు వేయక్కర్లేదు. జోగులాంబ అమ్మవారు అలంపురం శక్తిపీఠం. ఆమెకు ప్రాణం పాయింట్లు రాయడం నాకు సరికాదనిపిస్తుంది. ఎవరో ఈ రోజు కూడా మొక్కుతున్న దేవతను మన రాక్షసుల పుస్తకంలో వేయకండి.

అలాగే నల్లమల, అమ్రాబాద్ వైపు చెంచులు. కొండ అంచున తాడుకు వేలాడి తేనె తీసే వాళ్ల నేర్పు చూస్తే ఎవరికైనా కథ పుడుతుంది. కానీ మన కథల్లో వాళ్లు ఎప్పుడూ 'అడవిలో దారి చూపే అమాయకుడు'గానే మిగిలిపోతారు. పులుల అభయారణ్యంలో ఉండాలా, బయటికి రావాలా అన్నది వాళ్లకు ఇప్పటికీ బతుకు ప్రశ్న. పెడితే, తనకంటూ నిర్ణయం ఉన్న పాత్రగా పెట్టండి. లేకపోతే వదిలేయండి.

మీ వంతు

మీ జిల్లా డ్రాగన్‌కు ఈ ఐదు ప్రశ్నలు వేయండి.

1. ఈ చోటు మనుషులు దేనికి సంబరపడతారు, దేనికి భయపడతారు? రెండూ ఒకటే అయితే ఇంకా మంచిది.
2. దాని ఒంట్లో మీ ఊరివాళ్లు ఎరిగిన జంతువులు ఏవి?
3. మిగతా డ్రాగన్‌లకు లేని రూల్ దీనికి ఏముంది? ఒక్కటే చాలు. రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే కోసేయండి.
4. చంపకుండా కథ ముగిసే దారి ఉందా?
5. ఇది వింటే నొచ్చుకునేవాళ్లు ఎవరు? వాళ్లను అడిగారా?

చివరగా ఊరు మార్చు పరీక్ష. మా అలుగు డ్రాగన్‌ను తీసుకెళ్లి మీ ఊళ్లో పెట్టి చూడండి. కుదరకపోతే సంతోషించండి, మీ ఊరికి ఇంకో డ్రాగన్ కావాలన్నమాట. అది క్వారీ గుంతలో ఉందో, బొగ్గు గనిలో ఉందో, సముద్రం కోసుకుపోతున్న ఒడ్డున ఉందో మీకే తెలియాలి. రాసి క్లబ్‌కు పంపండి, వచ్చే సెమిస్టర్ అన్నిటినీ ఒకే మ్యాప్ మీద పెట్టి ఆడదాం.