గెలిచాక గ్యాలరీలో మారింది మనుషులా, మనసులా?

2022 మార్చి 7. గోవాలో జరిగిన మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ ఫుట్‌బాల్ క్లబ్ 1–0 తేడాతో ఏటీకే మోహన్ బగాన్‌ను ఓడించింది. దాంతో ఇండియన్ సూపర్ లీగ్‌లో 20 మ్యాచ్‌లకు 43 పాయింట్లు సాధించి అగ్రస్థానంలో నిలిచింది. 2017లో పుట్టిన క్లబ్ ఐదో సీజన్‌లోనే లీగ్ షీల్డ్ గెలుచుకుంది. కానీ కోవిడ్ కారణంగా ఆ సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు. తన జట్టు సాధించిన అతి పెద్ద విజయాన్ని ఉక్కు నగరం టీవీలోనే చూసింది.

తర్వాతి సీజన్‌లో జట్టు సొంత మైదానానికి తిరిగొచ్చింది. అప్పటికే కోచ్ ఓవెన్ కోయిల్ వెళ్లిపోయారు. షీల్డ్ సీజన్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన గ్రెగ్ స్టీవార్ట్ ముంబై సిటీకి మారారు. ఆ ఏడాది 11 జట్లలో జంషెడ్‌పూర్‌ది 10వ స్థానం. విజేతల ఆటను గ్యాలరీ నుంచి చూడాలనుకున్నవారికి వరుస ఓటములే కనిపించాయి.

ఒక్కసారిగా వచ్చిపడే డబ్బు, విజయం ఒక క్లబ్ అభిమానులను ఏం చేస్తాయి? ఇది కబుర్లతో తేలే ప్రశ్న కాదు. సామాజిక మనస్తత్వ శాస్త్రం, మెదడు పరిశోధన, ఆర్థిక శాస్త్రం దీని మీద అర్ధ శతాబ్దంగా పనిచేస్తున్నాయి. ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. విజయం తర్వాత గ్యాలరీ వేరుగా కనిపిస్తే అందుకు కారణం కొత్త మనుషులు రావడమా? లేక పాత మనుషుల మనసు మారడమా? ఈ రెండింటినీ విడదీసి చూడటమే ఈ పాఠం.

ఉక్కు ఊరు, బంతి ఊరు

జంషెడ్‌పూర్‌కు ఫుట్‌బాల్ 2017లో వచ్చిందేమీ కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1912లో ఇక్కడి కర్మాగారంలో ఉక్కు తయారీ మొదలైంది. అప్పటి నుంచి దేశం నలుమూలల నుంచీ కార్మికులు వచ్చి స్థిరపడ్డారు. ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన కుటుంబాలూ వారిలో ఉన్నాయి. బిస్టుపూర్, కద్మా వంటి చోట్ల నేటికీ తెలుగు వినిపిస్తుంది. 1987లో ఇక్కడ మొదలైన టాటా ఫుట్‌బాల్ అకాడమీ జాతీయ జట్టుకు ఎందరో ఆటగాళ్లను ఇచ్చింది. గోల్‌కీపర్ సుబ్రతా పాల్ వారిలో ఒకరు.

ఊళ్లో ఆటగాళ్లు తయారయ్యారు గానీ, దేశంలోని పెద్ద లీగ్‌లో ఊరి పేరుతో ఒక జట్టు లేదు. 2017లో టాటా స్టీల్ యాజమాన్యంలో క్లబ్ ఏర్పడటంతో ఆ లోటు తీరింది. సుమారు 24 వేల మంది పట్టే జేఆర్‌డీ టాటా క్రీడా ప్రాంగణం సొంత మైదానమైంది. ‘రెడ్ మైనర్స్’ పేరుతో ఒక అభిమాన బృందం కూడా పుట్టింది. ఇతర ఊళ్లలో దశాబ్దాలు పట్టే ప్రయాణం ఇక్కడ ఐదేళ్లలో షీల్డ్ దాకా చేరింది. అందుకే ఈ ప్రశ్నకు ఇది మంచి ఉదాహరణ.

అరువు వెలుగు

చంద్రుడికి సొంత వెలుగు లేదు, సూర్యుడి వెలుగునే మనకు చూపిస్తాడు. అభిమాని కూడా జట్టు గెలుపులో వెలుగుతాడు. 1976లో అమెరికాలో రాబర్ట్ చాల్డీనీ బృందం దీన్ని కొలిచి చూపించింది. శనివారం తమ విశ్వవిద్యాలయం జట్టు గెలిస్తే, సోమవారం తరగతికి ఆ విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థుల సంఖ్య పెరుగుతోందని పరిశోధకులు లెక్కపెట్టి తేల్చారు.

తర్వాతి ప్రయోగంలో మాటలను గమనించారు. విద్యార్థులకు ఫోన్ చేసి మొదట చిన్న క్విజ్ పెట్టారు. అసలు జవాబులతో సంబంధం లేకుండా కొందరికి బాగా చేశారని, కొందరికి సరిగా చేయలేదని చెప్పారు. ఆ తర్వాత మ్యాచ్ ఏమైందని అడిగారు. జట్టు గెలిస్తే ‘మేము గెలిచాం’ అనడం, ఓడితే ‘వాళ్లు ఓడారు’ అనడం క్విజ్‌లో తప్పారని విన్నవారిలో బాగా కనిపించింది. అంటే సొంత గౌరవానికి దెబ్బ తగిలినప్పుడే అరువు వెలుగు ఎక్కువగా కావాల్సి వస్తుంది.

ఈ తేడాను పట్టుకోవడానికి తెలుగు మరింత అనువైన భాష. ఇంగ్లిష్‌లో ఒకే మాట ఉన్నచోట తెలుగులో ‘మేము’, ‘మనం’ రెండూ ఉన్నాయి. ‘మనోళ్లు గెలిచారు’ అన్నప్పుడు వినేవారిని కూడా కలుపుకొంటాం. ‘వాళ్లు ఓడిపోయారు’ అన్నప్పుడు ఇద్దరం కలిసి పక్కకు తప్పుకుంటాం.

ఈ ప్రభావం ఒంట్లోనూ కనిపిస్తుంది. 1994 ప్రపంచ కప్ ఫైనల్‌ను చూసిన కొద్దిమంది పురుష అభిమానుల లాలాజలాన్ని పరిశోధకులు పరీక్షించారు. గెలిచిన బ్రెజిల్ అభిమానుల్లో టెస్టోస్టెరాన్ హార్మోన్ పెరిగింది. ఓడిన ఇటలీ అభిమానుల్లో తగ్గింది. నమూనా చిన్నది కాబట్టి దీన్ని సూచనగానే తీసుకోవాలి.

అయితే అందరూ ఒకేలా ఉండరు. 1990లో డేనియల్ వాన్, నైలా బ్రాన్స్‌కోంబ్ చేసిన అధ్యయనంలో జట్టుతో గాఢమైన బంధం ఉన్నవారు గెలుపు వెలుగును ఎక్కువగా పంచుకున్నారు, ఓటమిలో తక్కువగా తప్పుకున్నారు. బంధం పలచగా ఉన్నవారే ఓడగానే దూరం జరిగారు. పదో తరగతి ప్రయోగశాలలో చూసే ఒక విషయంతో దీన్ని పోల్చవచ్చు. మెత్తటి ఇనుము చుట్టూ తీగ చుట్టి కరెంటు పంపితే చటుక్కున అయస్కాంతమవుతుంది. కరెంటు ఆపగానే ఆ గుణం దాదాపుగా పోతుంది. గట్టి ఉక్కును అయస్కాంతంగా మార్చడానికి ఎక్కువ బలం కావాలి, కానీ ఆ గుణం ఒకసారి వచ్చాక తేలిగ్గా పోదు. ఇది పోలిక మాత్రమే. అయినా, గెలిచిన ఏడాది గ్యాలరీలో రెండు రకాల వారూ పక్కపక్కనే కూర్చుంటారని గుర్తుచేస్తుంది.

ఆనందం లెక్క

ఇక రెండో ప్రశ్న. పాత అభిమాని మనసు ఎలా మారుతుంది?

1990లలో వోల్ఫ్రామ్ షుల్జ్ కోతుల మెదడులో డోపమిన్ కణాల పనితీరును పరిశీలించారు. అనుకోకుండా పండ్లరసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. ముందే సంకేతం అంది, అనుకున్నట్టే రసం వస్తే, రసం వచ్చిన క్షణంలో ప్రత్యేక స్పందన లేదు. వస్తుందనుకున్నది రాకపోతే వాటి చురుకు మామూలు స్థాయి కంటే తగ్గింది. ఈ కణాలు స్పందించేది బహుమతికి కాదు, వచ్చినదానికీ ఆశించినదానికీ మధ్య తేడాకు.

ఈ సూత్రాన్ని జంషెడ్‌పూర్ అంకెల మీద పెట్టి చూద్దాం. అభిమాని కిందటి సీజన్ సగటునే ఈ సీజన్‌కు ఆశిస్తాడనుకుందాం. క్లబ్ సాధించిన పాయింట్లు ఇవీ:

2020–21: 20 మ్యాచ్‌లు, 27 పాయింట్లు, సగటు 1.35
2021–22: 20 మ్యాచ్‌లు, 43 పాయింట్లు, సగటు 2.15
2022–23: 20 మ్యాచ్‌లు, 19 పాయింట్లు, సగటు 0.95
2023–24: 22 మ్యాచ్‌లు, 21 పాయింట్లు, సగటు 0.95
2024–25: 24 మ్యాచ్‌లు, 38 పాయింట్లు, సగటు 1.58

ప్రతి సీజన్ సగటు నుంచి కిందటి సీజన్ సగటును తీసేయండి. షీల్డ్ గెలిచిన ఏడాది తేడా +0.80. మరుసటి ఏడాది −1.20. ఆ తర్వాతి ఏడాది ఆట అంతే పేలవంగా ఉన్నా తేడా సున్నా. 2024–25లో జట్టు సాధించింది ఐదో స్థానమే, అయినా తేడా +0.63. 2022–23, 2023–24 సీజన్ల సగటు ఒకటే. అభిమానికి ఎక్కువ నొప్పి కలిగించేది మాత్రం మొదటిదే. కారణం ఆటలో లేదు, దానికి ముందు వచ్చిన విజయంలో ఉంది.

పైగా నష్టం బరువు ఎక్కువ. బ్రిటన్‌లో పీటర్ డాల్టన్, జార్జ్ మాకెరాన్ ఒక ఫోన్ యాప్ ద్వారా సుమారు 32 వేల మంది పంపిన సమాచారాన్ని విశ్లేషించారు. మ్యాచ్ ముగిసిన తర్వాతి గంటలో గెలుపు ఇచ్చిన సంతోషం కంటే ఓటమి కలిగించిన బాధ దాదాపు రెట్టింపు ఉంది. 

ఆశ పెరగడం వల్ల కలిగే హాని గ్యాలరీతో ఆగకపోవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌పై డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ 2011లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. తప్పక గెలుస్తుందనుకున్న సొంత ప్రాంతపు జట్టు ఓడిన రోజుల్లో మహిళలపై ఇళ్లలో జరిగిన హింస సుమారు 10 శాతం పెరిగింది. గెలుపోటములు సమానంగా ఊహించిన మ్యాచ్‌లలో ఓటమికి అలాంటి ప్రభావం పెద్దగా కనిపించలేదు. హింసకు బాధ్యత చేసినవారిదే, ఆటది కాదు. కానీ అంచనా తలకిందులైనప్పుడు వచ్చే కోపం ఎవరి మీద పడుతుందో ఈ అంకె చెబుతోంది.

‘ఇది మన క్లబ్బేనా?’

డబ్బు విషయంలో ఇంకో మలుపు ఉంది. కొన్నిసార్లు జట్టు గెలుస్తున్నా పాత అభిమానులే దూరం జరుగుతారు. 2005లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ క్లబ్‌ను రెడ్ బుల్ కంపెనీ కొని పేరు, రంగులు మార్చింది. క్లబ్ ఆ తర్వాత టైటిళ్ల మీద టైటిళ్లు గెలిచింది. కానీ ఊదా–తెలుపు రంగులను వదులుకోలేని పాత అభిమానులు అదే ఏడాది కొత్త క్లబ్ పెట్టుకుని కింది స్థాయి లీగ్ నుంచి ఆట మొదలుపెట్టారు.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం ఏటీకేతో కలిసినప్పుడు క్లబ్ పేరు ముందు ‘ఏటీకే’ చేరింది. దాన్ని తీసేయాలని అభిమానులు ఏళ్ల తరబడి నిరసన తెలిపారు. 2023 మార్చిలో జట్టు లీగ్ కప్ గెలిచిన రోజునే యాజమాన్యం పేరు మార్పును ప్రకటించింది. జట్టు గెలుస్తున్నా ఆ వెలుగు తమది కాదనిపిస్తే అభిమాని దాన్ని వద్దంటాడు. జంషెడ్‌పూర్‌కు ఈ చిక్కు రాలేదు. క్లబ్ కొత్తదే గానీ కంపెనీ, అకాడమీ, ఊరు పాతవే. మార్చడానికి పాత పేరంటూ లేదు.

కష్టం వేసే ముడి

మరి ఎవరు మిగులుతారు? ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లోని పది క్లబ్‌ల అభిమానులపై మార్తా న్యూసన్ బృందం 2021లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాటిలో ఐదు పదేళ్లుగా బాగా గెలిచినవి, ఐదు బాగా ఓడినవి. తోటి అభిమానులను కాపాడటానికి ప్రాణమైనా ఇస్తారా అనే ఊహా ప్రశ్నకు ఓడిన క్లబ్‌ల అభిమానుల్లో ఎక్కువ మంది అవునన్నారు. గెలిచిన క్లబ్‌లలో అంతకన్నా తక్కువ మందే ఆ మాట అన్నారు. కలిసి పడ్డ బాధ చుట్టరికం లాంటి బంధాన్ని పెంచుతుందని పరిశోధకుల వివరణ.

ఇక్కడే మన మొదటి ప్రశ్నను గుర్తు తెచ్చుకోవాలి. ఓటమి బంధాన్ని పెంచిందా, లేక బంధం తక్కువున్నవారు ముందే వెళ్లిపోగా గట్టివారే సర్వేకు మిగిలారా? రెండూ జరిగి ఉండవచ్చు. ఒకే మనుషులను ఏళ్ల తరబడి వెంబడించి అడిగితేనే ఈ రెండింటినీ కచ్చితంగా విడదీయగలం.

ఇదంతా ఎందుకు ముఖ్యమో హైదరాబాద్ చెబుతుంది. జంషెడ్‌పూర్ షీల్డ్ గెలిచిన ఆ సీజన్‌లోనే, 2022 మార్చి 20న, హైదరాబాద్ ఎఫ్‌సీ ఫైనల్ నెగ్గి కప్ అందుకుంది. రెండేళ్లు తిరిగేసరికి ఆర్థిక ఇబ్బందుల్లో చిక్కుకుని పట్టికలో చివరికి చేరింది. 2025లో క్లబ్ కొత్త పేరుతో ఢిల్లీకి తరలిపోయింది. కలిమిలేములు కావడి కుండలన్న సామెత క్లబ్‌లకూ వర్తిస్తుంది. డబ్బు ఆటగాళ్లను తెస్తుంది, గెలుపు జనాన్ని తెస్తుంది. ఆ రెండూ వెళ్లిపోయిన రోజున కూడా గ్యాలరీకి వచ్చేవారిని తయారుచేసేది పిల్లల లీగ్‌లు, ఊరి మైదానాలు, పక్క సీటువారితో ఏళ్ల పరిచయం. జంషెడ్‌పూర్‌లో అవి క్లబ్ కంటే ముందే ఉన్నాయి.

మీరే చేసి చూడండి

ఫుట్‌బాల్ కావచ్చు, కబడ్డీ కావచ్చు, మీ పాఠశాల జట్టు ఆడే ఏ ఆటైనా సరే. ఇరవై మందిని ఎంచుకోండి. వారి అనుమతి తీసుకోండి, పేర్లు రాయకుండా సంఖ్యలు ఇవ్వండి. జట్టు గెలిచిన మర్నాడు ‘నిన్న మ్యాచ్ ఏమైంది?’ అని ఒక్కటే ప్రశ్న అడగండి. జవాబులో ‘మనం’, ‘మనోళ్లు’, ‘మేము’, ‘వాళ్లు’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించండి. ఓడిన మర్నాడు మళ్లీ అదే ఇరవై మందినీ అడగండి.

రెండోసారి వేరే వారిని అడిగితే ప్రయోగం పాడవుతుంది. తేడా కనిపించినా మారింది మనుషులా, మనసులా అన్నది తేలదు. అదే ఇరవై మందిలో ఓడిన మర్నాడు కూడా ‘మనోళ్లు’ అన్నవారు ఎందరో చూడండి. జట్టుకు గట్టి ఉక్కు లాంటి అభిమానులు వారే.