గట్టు గడ్డిమీది మసి, కంకిలోని మానిపండు

సాగరు ఎడమకాలువ నీటితో నాట్లు ముగిసి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు సాంబమసూరి పొట్టకు వచ్చు నీ దినములలో, కర్షకుడు మడిలో దిగుటకు పూర్వము గట్టుమీది గడ్డిని ఒకమారు పరికించుట మేలు. గరికకంకులు పూతకు మారుగా నల్లని మసి పూసుకొని యుండినచో భయపడ నక్కరలేదు. అది గరికనే ఆశ్రయించు కాటుక శిలీంధ్రము, వరి జోలికి రాదు. ఊద, దర్భల సంగతి వేరు: వరికి మానిపండు తెగులును కలిగించు శిలీంధ్రము వానిపై కూడ నిలువ గలదు గనుక, వానిని పూతకు రాకమునుపే పెరికివేయవలెను.

ఆ శిలీంధ్రము వరికంకిలో అచ్చటచ్చట కొన్ని గింజలనే పట్టును. ఊకల నడుమనుండి తెల్లని పలుచని పొరతో నొక చిన్న ఉండ తొంగిచూచి, క్రమముగా గింజకు మించి పెరిగి, పొర పగిలినంతనే నారింజ వన్నె వహించి, పిమ్మట ముదురాకు పచ్చగను, తుదకు నలుపుగను మారును. వ్రేళ్ల నడుమ నులిమినచో మెత్తని పొడి అంటుకొనును. ఇట్లుగాక పిలక వెండివన్నె గొట్టమువలె మారి కంకియే వేయనిచో నది ఉల్లికోడు. దానికి కారణము పురుగే కాని శిలీంధ్రము కాదు, తెగులు మందు కొట్టిన ధనవ్యయమే మిగులును.

తిరునెల్వేలి వరి నమూనాలను చూచి 1878లో కుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మానిపండు శిలీంధ్రమును వర్ణించి కాటుక తెగుళ్ల కోవలో చేర్చగా, 1896లో తకహాషి అను శాస్త్రజ్ఞుడు వేరు ప్రజాతిలో చేర్చెను. సమృద్ధియైన పంటకు సూచనయని దీనిని లక్ష్మీతెగులని పిలిచినవారును కలరు. ఏపుగా పెరిగిన పైరునే ఇది మిక్కిలిగా పట్టుట చూచి యట్లు తలచియుందురు. ఆ ఏపునకు మితిమీరిన యూరియాయే హేతువైనచో లక్ష్మి ఎట్లు వచ్చునో తెలియదు.

ఉండ కనబడిన తరువాత మందు వృథా. మబ్బుపట్టి జల్లులు కురియు తరుణమున, పొట్టదశయందే లీటరు నీటికి 1 మి.లీ. ప్రొపికొనజోల్ కలిపి పిచికారి చేయవలెను. ఆలస్యమై కొన్ని కంకులు పైకి వచ్చియున్నచో, ఉదయపు పూత చెడకుండ సాయంకాలమున కొట్టుడు. పొట్టదశ దాటిన పిమ్మట పచ్చదనము కొరకు యూరియా చల్లుట మానుడు. తెగులు సోకిన మడిలోని ధాన్యమును విత్తనముగా నుంచుకొనరాదు. సందేహము కలిగినచో కంకిని కాగితమున చుట్టి గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకో, మిర్యాలగూడ చెంత కంపాసాగర్ పరిశోధన స్థానమునకో కొనిపోవుడు. ప్లాస్టిక్ సంచిలో పెట్టినచో చెమ్మకు బూజుపట్టి గుర్తించుట కష్టమగును.