పుస్తకాలకు ఒక చెక్క స్టాండు

హాస్టల్లో మన పుస్తకాలు ట్రంకుపెట్టెల్లోనే ఉండేవి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక స్టాండు చేద్దాం. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పుస్తకాలు చేతికందుతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో పనసచెట్లెన్నో కూలాయి. పనస చెక్క గట్టిది, తొందరగా చెద పట్టదు. బాగా ఆరిన ముప్పావు అంగుళం పలకలు తీసుకోవాలి.

1. మూడడుగుల నిలువు పలకలు 2, రెండడుగుల అరలు 4. వెడల్పు 10 అంగుళాలు. అరల మధ్య 11 అంగుళాల ఖాళీ.

2. ముందుగా బెజ్జం వేసి బిగిస్తే చెక్క చీలదు. నౌపడ ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కనుక ఇత్తడి స్క్రూలు మేలు.

3. వెనక ఏటవాలుగా పట్టీ కొడితే ఊగదు.

4. చార వెంబడి ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిష్ రెండుసార్లు వేయాలి. పలకల కొసలు మరవద్దు.

గోడకు తగలకుండా, ఇటుకల మీద నిలబెడదాం. మొదటి అర చిన్నవాళ్లకే.