పళ్ల డాక్టరేగా అని తీసిపారేయకండి

నీట్ ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఇదే గొడవ. ఎంబీబీఎస్‌కు ర్యాంకు చాలలేదు, బీడీఎస్ సీటు అందుతోంది. 'పళ్లు పీకే చదువు మనకెందుకు, లాంగ్‌టర్మ్‌లో చేర్పిద్దాం' అంటారు నాన్న. అమ్మాయి ఏమంటోందో ఎవరూ అడగరు. ఆమెను మూడోసారి కోచింగ్ హాస్టల్‌కు పంపేముందు, దవడలో వచ్చే ఒక గడ్డ గురించి వినండి.

దాని పేరు అమెలోబ్లాస్టోమా. పంటి మీది ఎనామెల్‌ను తయారుచేసే కణజాలం నుంచి, ఎక్కువగా కింది దవడ వెనుక భాగంలో పుడుతుంది. సాధారణంగా నొప్పి ఉండదు. చెంప ఉబ్బుతుంది, పళ్లు కదులుతాయి. క్యాన్సర్ కాకపోయినా ఎముకను తినేస్తూ పోతుంది. గీకి తీసేస్తే ముఖం చెడదు, రోగి త్వరగా ఇంటికి వెళ్తాడు. కానీ ఎక్స్‌రేలో కనబడే అంచు దాటి, ఎముక లోపలి గుల్ల భాగంలోకి దాని కణాలు పాకి ఉంటాయి. అందుకే గీకి వదిలేసిన వాటిలో చాలావరకు తిరగబెడతాయి. కొన్ని పదేళ్లు దాటాక కూడా! చుట్టూ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా కోసేస్తే ఆ ముప్పు బాగా తగ్గుతుంది. అయితే పాతికేళ్ల కుర్రాడి దవడలో పెద్ద ముక్క పోతుంది. కాలిలోని సన్నని ఎముక ఫిబ్యులాను రక్తనాళాలతో సహా తెచ్చి అక్కడ అమర్చాలి, తర్వాత ఇంప్లాంట్లతో పళ్లు కట్టాలి. ఒకే తిత్తిలా ఉండే రకమైతే కొన్నిసార్లు ఇంత కోత అక్కర్లేదు. ఎంత కోయాలో, ఎంత మిగల్చాలో తేల్చే మాక్సిల్లోఫేషియల్ సర్జన్ మన దేశంలో మొదలయ్యేది బీడీఎస్‌తోనే.

ఆ సర్జన్ కావాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీడీఎస్ అయిదేళ్లు, నీట్ ఎండీఎస్ రాశాక ఆ బ్రాంచిలో పీజీ మరో మూడేళ్లు.

ఇది చదివి ఇల్లు తాకట్టు పెట్టి ప్రైవేటు సీటు కొనకండి. ఎండీఎస్ మేనేజ్‌మెంట్ కోటా సీటుకు లక్షలు పోసి, అప్పుతో బయటికొచ్చిన పిల్లలకు తొలి ఏళ్ల జీతం తరచూ వడ్డీకి కూడా చాలదు. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో సీటు వస్తే నేను ముందు దానికే ఓటేస్తాను. రోడ్డు ప్రమాదాల్లో దవడ విరిగినవాళ్లూ, గడ్డ ముదిరాక వచ్చే పేదలూ చేరేది సర్కారు ఆసుపత్రికే. చెయ్యి తిరిగేదీ అక్కడే. శని, ఆదివారాల్లో ఇంప్లాంట్ నేర్పి సర్టిఫికెట్ ఇస్తామనే కోర్సులు సర్జన్‌ను తయారు చేయలేవు. రక్తం చూస్తే బెదిరే బిడ్డను హోదా కోసం ఈ బ్రాంచిలోకి నెట్టడమూ అన్యాయమే. ఎండీఎస్‌లోనే ఆర్థోడాంటిక్స్ ఉంది, పిల్లల దంతవైద్యం ఉంది.

కాలేజీ చూడ్డానికి వెళ్తే ఫీజు కౌంటర్‌కు ముందు పీజీల గదికి వెళ్లండి. మూడో సంవత్సరం విద్యార్థిని అడగండి: సొంత చేత్తో ఎన్ని దవడలు సరిచేశావు, ఆపరేషన్ అయిన రోగులను ఏటా పిలిచి ఎక్స్‌రే తీస్తున్నారా అని.