తయారీ నిలిచిన డిమ్మర్లు – వాటి మార్పిడి

మన ఇండ్లలో పంఖా వేగాన్ని తగ్గించి పెంచే రెగ్యులేటరును ఎరుగని విద్యార్థి ఉండడు. పూర్వపు రెగ్యులేటరు అరచేతికంటె పెద్దదిగా, ముట్టుకుంటే వెచ్చగా ఉండేది. లోపలి నిరోధపు తీగ కొంత విద్యుచ్ఛక్తిని వేడిగా వృథా చేసి, మిగిలినదానిని పంఖాకు పంపేది. దీపపు వెలుగును తగ్గించే డిమ్మరు కూడ మొదట ఆ వంశానికి చెందినదే. 1959లో జోయెల్ స్పైరా అనే అమెరికా దేశస్థుడు అర్ధవాహక పదార్థంతో చిన్న డిమ్మరును రూపొందించిన పిమ్మట అది గోడలోని స్విచ్చి పెట్టెలో ఇమిడిపోయింది. ఈ కొత్త డిమ్మరు నిరోధపు తీగవలె శక్తిని వేడిగా కాల్చివేయదు. ఏకాంతర విద్యుత్తు మన దేశంలో సెకనుకు 100 అర్ధతరంగాలుగా, అమెరికాలో 120 అర్ధతరంగాలుగా ప్రవహిస్తుంది. ప్రతి అర్ధతరంగంలోను మొదటి భాగాన్ని ఆపి, తక్కినదానిని మాత్రమే విడిచిపెట్టడం డిమ్మరు చేసే పని. ఎంత ఆలస్యంగా విడిస్తే దీపం అంత మందంగా వెలుగుతుంది.

ఈ డిమ్మరుకు దూరం నుంచి ఆజ్ఞ ఇవ్వగలిగితే ఎట్లుండును అనే ఆలోచన స్కాట్లండులోని గ్లెన్‌రోథిస్ అనే పట్టణంలో కార్యరూపం దాల్చింది. అక్కడి పికో ఎలక్ట్రానిక్స్ సంస్థవారు 1975లో ఆరంభించిన పదవ ప్రణాళికకు ఎక్స్-10 అని పేరు. అంతకు ముందరి వాటిలో ఎక్కువ భాగం గణనయంత్రాల చిప్పులు. 1978 నాటికి ఎక్స్-10 పరికరాలు అమెరికా దుకాణాలకు చేరినవి. కొత్త తీగలు లాగనక్కరలేదు. ఇంటిలో అప్పటికే ఉన్న విద్యుత్ తీగలమీదనే 120 కిలోహెర్ట్జుల చిన్న సంకేతం, వోల్టేజి శూన్యాన్ని దాటే క్షణంలో, ఒక మిల్లీసెకను కాలం పయనిస్తుంది.

తెలుగు బోధించేవాడిని గనుక నాకు ఇది ఒక చిన్న భాషవలె తోచింది. ఎ నుంచి పి వరకు 16 ఇంటి అక్షరాలు, ఒక్కొక్కదానికి 16 అంకెలు, వెరసి 256 నామవాచకాలు. క్రియలు ముఖ్యంగా ఆరే: వెలుగు, ఆరు, తగ్గు, పెరుగు, అన్ని దీపాలూ వెలుగు, అన్నీ ఆరు. వాక్యంలో ముందు నామం, తరువాత క్రియ. అంటే మన తెలుగు వాక్యం పద్ధతే! పొరపాటు రాకుండ ఒక్కొక్క మాటను రెండుసార్లు పలుకుతుంది. అందుచేత ఒక ఆజ్ఞకు 47 ఆవృత్తులు, అంటే అమెరికాలో సుమారు ముప్పాతిక సెకను పడుతుంది. అయితే పాత మాడ్యూళ్ళు విన్నవే గాని పలికినవి కావు. ఆజ్ఞ అందినదో లేదో తిరిగి చెప్పే శక్తి వాటికి లేదు.

నిరుడు వేసవి సెలవులలో అమెరికాలో ఉన్న మా ఖాలాజాన్ ఇంటికి వెళ్ళినప్పుడు ఈ విషయం నాకు పుస్తకంలోది కాక కంటి ఎదుటిది అయినది. వారి కుమారుడు కొన్నది పాత ఇల్లు. వెనుకటి యజమాని అమర్చిన ఎక్స్-10 మాడ్యూళ్ళు ఏడు ఉన్నవి. ఖాలాజాన్‌కు చూపు మందగించింది. రాత్రివేళ లేచినప్పుడు మంచం పక్కనున్న మీట నొక్కితే మెట్ల దీపం సన్నగా వెలిగేది, ఆమె కటకటా పట్టుకొని దిగేవారు. మా తమ్ముడు ఒకనాడు మెట్లమీది 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్ఇడి బల్బు పెట్టాడు. అతడిని తప్పు పట్టడానికి లేదు. 2023 ఆగస్టు 1 నుంచి ఆ దేశంలో సాధారణ ఫిలమెంటు బల్బుల విక్రయం దాదాపు నిలిచిపోయింది. ఆ రాత్రి నుంచి దీపం మినుకుమినుకుమన్నది, ఆర్పినా సన్నగా వెలుగుతూనే ఉన్నది. కొన్ని వారాలకు డిమ్మరు పూర్తిగా మూగబోయింది. అదే నమూనా కొనబోతే దాని తయారీ ఏనాడో నిలిచిపోయినదని తెలిసింది. చీకటిలో రెండు మెట్లు తప్పి ఖాలాజాన్ చేయి బెణికింది. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు.

దీపం అట్లు మినుకడానికి కారణం వినండి. గోడలోని పాత డిమ్మరుకు రెండే తీగలు. తన ప్రాణానికి కావలసిన కొద్దిపాటి విద్యుత్తును అది బల్బు గుండానే లాగుకొంటుంది. ఫిలమెంటుకు ఆ కొద్ది విద్యుత్తు లెక్కలోనిది కాదు, ఎల్ఇడి బల్బు వెలగడానికి అదే చాలు. పైగా ఆ డిమ్మరు కనీసం 60 వాట్ల భారాన్ని ఆశిస్తుంది, 9 వాట్లతో దాని నడక తప్పుతుంది. మరొక చిక్కు ఏమంటే ఎల్ఇడి బల్బులలోను, ఫోను చార్జర్లలోను ఉండే భాగాలు 120 కిలోహెర్ట్జుల సంకేతాన్ని మింగివేయగలవు. కాబట్టి అదే మాడ్యూలు పాతసామానులో దొరికినా ఫలితం ఉండేది కాదు.

ఇక మార్పిడి. కొత్త డిమ్మర్లలో చాలవాటికి మూడవదైన న్యూట్రల్ తీగ కావాలి. మన స్విచ్చిబోర్డులలో పక్కనే ప్లగ్గు సాకెట్టు ఉంటుంది గనుక న్యూట్రల్ తరచుగా దొరుకుతుంది. అమెరికా పాత ఇండ్లలో స్విచ్చికి వేరే పెట్టె, అందులో అది లేకపోవచ్చును. స్విచ్చి పెట్టెలలో న్యూట్రల్ ఉండవలెనని అక్కడి విద్యుత్ నియమావళి 2011 ప్రతిలో గాని చెప్పలేదు. మా తమ్ముడు పెట్టె విప్పి తెల్లతీగ చూసి, ఇదే న్యూట్రల్ అని సంతోషించాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూడగా అది ఫేజు తీగ! పైకప్పులోని దీపం నుంచి స్విచ్చికి దిగివచ్చే జతలో తెల్లతీగ మీదనే ఫేజు రావడం ఆ ఇండ్లలో వాడుక. రంగును నమ్మి కలిపి ఉంటే ఏమి జరిగి ఉండునో చెప్పనక్కరలేదు. మెయిను ఆపి, పరీక్షించి, ఆపైననే తీగ ముట్టుకోవలెను. ఈ ఒక్క మాటను భౌతికశాస్త్ర విద్యార్థులు కాని వారు కూడ గుర్తుంచుకొందురు గాక.

మెట్లకు మరొక ప్రత్యేకత ఉన్నది. దీపం ఒకటి, స్విచ్చులు రెండు: పైన ఒకటి, కింద ఒకటి. ఎక్స్-10లో పై స్విచ్చి యజమాని, కింది స్విచ్చి అతని అనుచరుడు. అనుచరుడు దీపానికి విద్యుత్తు ఇవ్వడు, యజమానికి కబురు మాత్రం పంపుతాడు. కొత్త యజమానికి పాత అనుచరుని కబురు అర్థం కాదు. కాబట్టి రెండూ కలిసి మారవలసినదే.

కొత్తది ఏది ఎంచుకోవలెను? 2005లో వచ్చిన ఇన్‌స్టియాన్ పద్ధతి తీగ మీద, రేడియో తరంగాల మీద కూడ మాట్లాడుతుంది. దాని పరికరాలలో అనేకం ఎక్స్-10 భాషను అర్థం చేసుకొంటాయి. కాని 2022 ఏప్రిల్‌లో ఆ సంస్థ ముందుగా చెప్పకనే తన సర్వర్లను ఆపివేసింది. ఫోను మీద ఆధారపడినవారి ఆజ్ఞలు నిలిచిపోయినవి. స్విచ్చినుంచి స్విచ్చికి నేరుగా కుదిర్చిన లంకెలు మాత్రం యథాప్రకారం పనిచేసినవి. అదే సంవత్సరం జూన్‌లో వాడుకరులే కొందరు ఆ సంస్థను కొని తిరిగి నిలబెట్టారు. ఇది చదివిన పిమ్మట నేను మా తమ్మునితో గట్టిగా వాదించాను: పెట్టె అందచందాలు తరువాత, ఇంటర్నెట్టు తెగిననాడు మీ అమ్మగారి మీట పనిచేయునా, లేదా? అతనికి ఫోనులో చూడడం ఇష్టం. మూడు రోజులు మాట పట్టింపులు అయినవి.

చివరకు జెడ్-వేవ్ అనే రేడియో పద్ధతికి చెందిన, న్యూట్రల్ అక్కరలేని డిమ్మరును తెచ్చారు. దీపం దగ్గర బైపాసు అనే చిన్న ముక్కను కలిపారు. డిమ్మరు తనకోసం లాగుకొనే విద్యుత్తు బల్బు గుండా కాక దాని గుండా పోతుంది, మినుకు తగ్గుతుంది. డిమ్మింగుకు తగినదని పెట్టెపై ముద్రించిన బల్బునే ఎంచుకొన్నారు. కింద దానికి తగిన జోడు స్విచ్చి. మంచం పక్కన బ్యాటరీ మీట, అది మధ్యవర్తి కంప్యూటరు లేకుండ డిమ్మరుతో నేరుగా జతపడింది. కనిష్ఠ కాంతిని కూడ అమర్చవలసి వచ్చింది. ఫిలమెంటు బల్బు ఎంత తగ్గించినా ఎర్రగానైనా వెలుగుతుంది, ఎల్ఇడి ఒక హద్దు దిగితే ఆరిపోతుంది. ఖాలాజాన్‌ను మెట్లమీద నిలబెట్టి, ఆమెకు అంచు కనబడునంతవరకు పెంచి అక్కడ ఆపారు. పంఖాలకు మాత్రం ఈ దీపపు డిమ్మరును పెట్టరాదు. మోటారు గుయ్యిమని మూలిగి వేడెక్కుతుంది.

పాత డిమ్మరును విప్పినప్పుడు దాని ముఖంమీది రెండు చక్రాలు బి అక్షరం దగ్గర, 3 అంకె దగ్గర నిలిచి ఉన్నవి. వెనుకటి యజమాని చేతి గుర్తు. తక్కిన ఆరు మాడ్యూళ్ళ పేర్లు కూడ కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించాము. అవి ఇంకా పాత భాషలోనే పలకరింపబడుచున్నవి. పనిచేస్తున్నంతకాలం వాటి జోలికి పోవద్దని ఖాలాజాన్ ఆజ్ఞ.